కరివేపాకు పొడి అని రాసి ఉన్న సీసా

మా నాన్న పోయాక మా అమ్మకు అన్నం గొంతు దిగడం మానేసింది. అది ఉపవాసం కాదు, అలకా కాదు. ఎప్పటిలాగే తెల్లవారుజామునే లేచి వండేది. నేను పాఠాలు చెప్పే బడికి బయలుదేరేలోగా నాకు పెట్టి, డబ్బాలో సర్ది ఇచ్చేది. మధ్యాహ్నం తను కంచం ముందు కూర్చుని అన్నం కలిపేది. కలిపినదంతా ఎత్తుకెళ్లి పెరటి గోడ మీద కాకులకు పెట్టేసేది.

ఓ ఆదివారం అది నా కంట పడింది. చెప్పడానికి సిగ్గుగానే ఉంది, ఆరోజు నేను ఆమె ఆకలి గురించి అడగలేదు. కాకుల గురించి వాదించాను. పిండాలు వద్దని ఒప్పుకున్నావు కదా, మళ్లీ కాకులకు పెట్టడమేమిటని నిలదీశాను.

"ఏటే, కాకికెట్టినా తప్పేనా? మరెవులికెట్టమంటావు? కుక్కకి పులుసన్నం పడదు" అంది అమ్మ.

నాకు వాదన నేర్పింది నాన్నే. ఆయన రైల్వే వర్క్‌షాపులో పెయింటు సెక్షన్లో పనిచేసేవారు. రైలు పెట్టెల మీద అంకెలూ అక్షరాలూ కుంచెతో రాయడం ఆయన పని. బెంగాల్లోని మా ఖరగ్‌పూర్ నుంచి ఆయన చేతిరాత మోసుకుంటూ దేశమంతా తిరిగిన పెట్టెలు ఎన్నో లెక్కలేదు. సాయంత్రాలు నన్ను సైకిలు మీద కూర్చోబెట్టుకుని తెలుగువాళ్ల గ్రంథాలయానికి తీసుకెళ్లేవారు. అక్కడ దేవుడు ఉన్నాడా లేడా, జాతకం నిజమా అబద్ధమా అని పెద్దవాళ్లు గొంతులు చించుకునేవారు. పదేళ్ల నన్ను కూడా లేపి నిలబెట్టి నీ మాటేమిటని అడిగేవారు. "ఎవరో చెప్పారని నమ్మకు, రాసి ఉందని నమ్మకు" అనేది ఆయన నాకిచ్చిన ఆస్తి. సొంత తమ్ముణ్ణి సారాకు పోగొట్టుకున్న మనిషి. మత్తు మాటెత్తితే మండిపడేవారు. నేను ఇరవై ఏళ్లుగా మత్తు మీద, మూఢత్వం మీద రాస్తున్నదంతా ఆయన అంటించిన మంటే. దశమి నాడు మా బెంగాలీ ఇరుగుపొరుగులు తాగే సిద్ధిని, అదే పాలలో కలిపే ఆ గంజాయి ఆకు పానీయాన్ని, భక్తి ముసుగు వేసుకున్న మత్తు అని ఓ వ్యాసంలో కడిగేశాను కూడా.

అలాంటి మనిషి పోతే కర్మకాండ ఎలా చేయిస్తాను? ఒక్కగానొక్క కూతుర్ని. నేనే నిప్పు పెట్టాను. శ్మశానంలో పదిహేను నిమిషాలు మాట్లాడాను. కన్నీరు పెట్టలేదని అందరూ మెచ్చుకుంటే లోపల కొంత గర్వపడ్డాను. మూడో రోజుకి చుట్టాలందర్నీ ఎవరి ఊళ్లకు వాళ్లను పంపించేశాను.

బండెక్కే ముందు పలాస నుంచి వచ్చిన మేనత్త నా గడ్డం పట్టుకుని అంది. "పదకొండు దినాలు మనుసులు ఇంట్లో ఉంటే, వొండుకుంటా, తింటా, ఏడుసుకుంటా, మనిసి ఓ దారికొత్తాది. నువ్వేటే, మూడోనాటికే అందరికీ టికెట్లు తీసేసినావు!"

నేను పురోహిత వర్గపు దోపిడీ గురించి ప్లాట్‌ఫారమ్ మీదే అరగంట చెప్పాను. ఆ చెప్పిన దాంట్లో ఒక్క మాట కూడా ఈ రోజుకీ వెనక్కి తీసుకోను. కానీ నాలుగో రోజు నుంచి తాల్‌బగీచాలోని మా ఇంట్లో ఇద్దరమే మిగిలాం. పొద్దున్న పది దాటి నేను బడికి వెళ్తే అమ్మ ఒక్కతే. యాభై ఏళ్లు మధ్యాహ్నం ఆయనకు ఎదురుగా పీట వేసుకుని కూర్చుని తిన్న మనిషి. ఆయన ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ వర్క్‌షాపు కూత విని వడ్డన మొదలుపెట్టేది. రిటైరయ్యాక కూడా ఆ కూత విన్నాకే కంచాలు పెట్టేది. దుఃఖం ఏ గంటకు వస్తుందో నా తర్కం కనిపెట్టలేకపోయింది. అది మధ్యాహ్నం అన్నం వేళకు వచ్చేది.

రెండు నెలల్లో అమ్మ జాకెట్లన్నీ వదులైపోయాయి. డాక్టరమ్మ తూకం చూసి, ఇలాగే ఉంటే సెలైన్లు ఎక్కించవలసి వస్తుందని చెప్పింది. టానిక్కులు రాసింది. అమ్మ వాటిని మాత్రం బుద్ధిగా తాగేది.

అంతలో దసరాలు వచ్చాయి. దశమి సాయంత్రం పక్కింటి బెంగాలీ పిన్నిగారు, మేం మాసీమా అని పిలిచే ఆవిడ, వచ్చి అమ్మను చెయ్యి పట్టుకుని తీసుకెళ్లింది. ఆవిడా విధవే, రైల్వే గార్డు భార్య. ముప్పై ఏళ్లుగా మాతో ఉండి తెలుగును తనకు తోచినట్టు మాట్లాడుతుంది. అమ్మవారి నిమజ్జనానికి వీధంతా కదిలితే వీళ్లిద్దరూ వెనుక వసారాలో కూర్చున్నారు. రెండు గంటల తరువాత అమ్మ తిరిగొచ్చింది. మొహం తేటగా ఉంది. "ఏటుంది తినడానికి?" అని అడిగింది. మారు వడ్డించుకుని మరీ తింది. నేను కదిలితే ఆ ఆకలి బెదిరిపోతుందేమోనని గుమ్మంలోనే నిలబడి చూశాను. మాసీమా ఏదో మిఠాయి పెట్టి మాట కలిపిందనుకున్నాను. కాలమే మందు అనుకున్నాను.

ఆ తరువాత అమ్మ మధ్యాహ్నాలు తినడం మొదలుపెట్టింది. కాకులు మా గోడకు రావడం తగ్గించాయి. సాయంత్రం నేను వచ్చేసరికి కంచంలో రోజూ ఒకే పొడి మిగిలి కనబడేది, నల్లగా, ఆకుపచ్చ జీరతో. సీసా మీద నాన్న చేతిరాత: కరివేపాకు పొడి. మా వంటింట్లో ప్రతి డబ్బా మీదా, ప్రతి సీసా మీదా ఆయన రాతే. రైలు పెట్టెల మీద రాసినట్టే అక్షరానికి నీడ గీత కూడా గీసి రాసేవారు.

"నాకూ కాస్త వెయ్యమ్మా" అంటే, "నీకు పడదు. వేడి సేత్తాది" అని సీసా వెనక్కి జరిపేది. ఒకటి రెండుసార్లు మెట్లు దిగుతూ గోడ పట్టుకోవడం చూశాను. అడిగితే కళ్లు తిరిగాయంది. బలహీనత ఇంకా తగ్గలేదనుకున్నాను. వారానికోసారి మాసీమాతో టోటో రిక్షా ఎక్కి గోల్‌బజార్ వెళ్లొచ్చేది. మనిషి బయటకు వస్తోందని సంతోషించాను.

ఓ ఆదివారం మధ్యాహ్నం అమ్మ మాసీమా ఇంట్లో ఉంది. తండ్రికి తిలోదకాలివ్వని కూతురని నా గురించి ఓ పెద్దమనిషి పత్రికలో రాశాడు. దానికి జవాబు రాస్తున్నాను. ఆకలేసి లేచాను. కూర లేదు. వేడన్నంలో ఆ పొడి వేసుకుని, నెయ్యి వేసుకుని మూడు ముద్దలు తిన్నాను. చిరుచేదుగా, వెల్లుల్లి ఘాటుతో బాగానే ఉంది. మళ్లీ జవాబుకు కూర్చున్నాను.

గంట గడిచాక వాక్యం పూర్తి కావడం మానేసింది. చివరికొచ్చేసరికి మొదలు మరిచిపోతున్నాను. నోరు ఎండిపోయింది. పెద్దమనిషి వ్యాసం చదివితే నవ్వొచ్చింది. ఆగలేదు. నీళ్ల కోసం వంటింట్లోకి వెళ్లి అక్కడే గూటి ముందు నేల మీద కూర్చుండిపోయాను. ఎదురుగా నాన్న అక్షరాలు వరసగా ఉన్నాయి. కందిపప్పు. ఆవాలు. ధనియాలు. కరివేపాకులో 'క' తలకట్టు దగ్గర రంగు కొంచెం ఉబ్బి ఉంది. అక్కడ కుంచె ఆగింది. ఎందుకాగింది? అమ్మ టీ ఇచ్చిందా? నేను బడి నుంచి వచ్చానా? ఆ చుక్కంత రంగులో ఆయన చెయ్యి ఇంకా ఆగే ఉన్నట్టు అనిపించింది. నాన్న పోయిన మూడు నెలలకు, మొదటిసారి, నేను బావురుమన్నాను.

అమ్మ వచ్చి చూసింది.

"ఏటే, ఏటైందే? నేల మీద కూకున్నావేటి?"

"నాన్న ఇక్కడ ఆగారమ్మా" అని సీసా చూపించాను.

అమ్మ సీసా వంక చూసింది, కంచం వంక చూసింది. "ఓలమ్మో! ఎంత తిన్నావే?"

"మూడు ముద్దలు. నెయ్యి వేసుకుని."

"నెయ్యేసుకునా! సచ్చినాం పో. నాను అరసెంచాతో తింటన్నాను!"

గబగబా మజ్జిగలో నిమ్మకాయ పిండి తాగించింది. తల ఒడిలో పెట్టుకుంది. నా గుండె దడదడ కొట్టుకుంటోంది, చచ్చిపోతానేమోనని భయమేసింది. ఆ మాటే చెబితే, "పోవులే. నాలుగ్గంటలు తేల్తావు, దిగుతావు. ఏడుపొత్తే ఏడు. తర్కం రేపు సేద్దువుగాని" అంటూ నుదురు నిమిరింది. చిన్నప్పుడు జ్వరం వచ్చినప్పుడు నిమిరినట్టే, కనుబొమల నుంచి పైకి. అలాగే నిద్రపోయాను.

తర్కం మర్నాడు చేశాను. నాకు సహజమైన గొంతుతో.

"అది గంజాయి ఆకమ్మా!"

"గంజాయేటి? గంజాయి సన్నాసోళ్లు పీలుత్తారు. ఇది దశమి ఆకు. పూజ సామాన్ల కొట్లో అమ్ముతారు."

"పూజకు పెడితే మత్తు పోతుందా?"

"దోరగా వేపినానే. ఎండుమిరగాయలు, ఎల్లుల్లి, ధనియాలు, సింతపండు ఏసి దంసినాను. అన్నన్ని ఏసినాక ఇంకా మత్తేటుంటాది దానికి? కొంసెం తేల్తాది, అంతే."

బెంగాలీలు తరతరాలుగా దాన్ని పాలలో కలుపుకుని, ఏడాదికి ఒక్క సాయంత్రం తాగుతున్నారు. ఎంత వెయ్యాలో వాళ్లకు తెలుసు. దాన్ని తీసుకొచ్చి, ఎండుమిర్చి వెల్లుల్లితో వేయించి, దంచి, అన్నంలో కలుపుకోవాలనే ఆలోచన ఒక్క మావాళ్లకే రావాలి. వేయించి దంచితే లోకంలో ఏ ఆకైనా పొడే అవుతుందని మా వంటింటి సిద్ధాంతం. వేయించడం, నెయ్యి కలపడం దాని మత్తును పెంచుతాయే గాని తగ్గించవని నేను తరువాత చదివి తెలుసుకున్నాను. రాసి ఉందని నమ్మకు అని నేర్చుకున్న నేను మాత్రం సీసా మీది రాతను నమ్మి తిన్నాను. ఆ రాత నాన్నది కాబట్టి.

"తేల్తుందని తెలిసీ ఎందుకు తింటున్నావు?"

"అది తింటే ఎదురుగుండా పీట కాళీగా ఉన్నట్టు అవుపడదు. ముద్ద దిగుతాది."

అక్కడ నేను ఆగి ఉండాల్సింది. ఆగలేదు. "తమ్ముణ్ణి మత్తుకు బలిచ్చిన మనిషి ఇల్లిది. ఆయన ఇంట్లో, ఆయన చేత్తో రాసిన సీసాలో ఈ పనా?" అన్నాను.

"ఆయనుంటే నానెందుకు తింతానే?" అంది అమ్మ.

సీసా తీసుకెళ్లి పెరటి కాలవలో గుమ్మరించాను. అమ్మ ఖాళీ సీసా తీసుకుని, రాత చెరగకుండా లోపల మాత్రమే కడిగి, బోర్లించింది.

మర్నాటి నుంచి కాకులు మళ్లీ వచ్చాయి. సెలవు పెట్టి మూడు రోజులు చూశాను. బతిమాలాను, కోప్పడ్డాను, ముద్ద కలిపి నోటి దగ్గర పెట్టాను. నోరు తెరిచింది, నమిలింది, మింగలేక కళ్లనీళ్లు పెట్టుకుని లేచి వెళ్లి ఉమ్మేసింది. నాలుగో రోజు సాయంత్రం మాసీమా గోడ మీంచే నన్ను పట్టుకుంది.

"నువ్వు మాస్టర్‌నీ కదా, అంకం చెయ్యి. బాబా పోయినాక నువ్వు ఎన్ని వ్యాసం రాసినావ్? మా ఎన్ని భాత్ తిన్నది? రెండూ గుణ్ణే చూడు!"

నాన్న పోయాక నేను రాసిన వ్యాసాలెన్నో, అమ్మ తిన్న అన్నం ఎంతో లెక్క పెట్టి చూడమంటోంది. చూస్తే నా వ్యాసాలే ఎక్కువ తేలాయి.

డాక్టరమ్మ దగ్గరకు వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె నవ్వలేదు. తినమని నేను చెప్పలేనంది. ఈ వయసులో, ఈ రక్తపోటు మాత్రలతో, కళ్లు తిరిగి పడితే తుంటి విరుగుతుందని హెచ్చరించింది. అంటూనే తూకాల కాగితం నా ముందు పెట్టింది. ఆ పొడి తిన్న వారాల్లో అమ్మ తూకం పెరిగింది. "ఒంటరిగా ఉన్నప్పుడు మాత్రం తిననివ్వకండి" అంది.

మనిషి తినకపోతే కళ్ల ముందే కరిగిపోతుంది. తింటే పడిపోవచ్చు. ఈ రెండింటి మధ్య సూత్రం ఎక్కడా రాసి లేదు. మర్నాడు బడి వదిలాక గోల్‌బజార్ వెళ్లాను. పూజ సామాన్ల కొట్టు ముందు కొంగు తల మీదికి లాక్కుని నిలబడ్డాను, జీవితంలో మొదటిసారి. అయినా దొరికిపోయాను. పక్కన కర్పూరం కొంటున్న ఓ ఆసామి, ఎప్పుడో నా దగ్గర చదువుకున్నవాడు, ఇప్పుడు రైల్వే ఆఫీసులో గుమాస్తా, ఒక్క అరుపు అరిచాడు.

"టీచరుగారూ! మీరేటి ఇక్కడ? ఆఖరికి మీరు కూడా పూజలు మొదలెట్టినారేటి?"

అదొక్కటే నేను భరించలేని నింద. "పూజకి కాదురా" అన్నాను గట్టిగా. "సిద్ధి ఆకు కోసం వచ్చాను. మా అమ్మ అన్నం తినడం లేదు."

"ఎనిమిదో క్లాసులో మా సేత మత్తు మీద వ్యాసం రాయించినారు కదండి. నాకు పదికి మూడేసినారు."

"ఏం రాశావేమిటి?"

"మా తాత దశమి నాడు సిద్ధి తాగి మంచోడైపోతాడని రాసినానండి."

"ఇంకో రెండు కలుపుకో" అన్నాను.

పొట్లం తెచ్చి అమ్మ చేతిలో పెట్టాను. ఆమె పొట్లం వంక, నా వంక మార్చి మార్చి చూసింది. "నువ్వే ఎల్లినావేటి?" అంది. షరతులు చెప్పాను. ఆకు నేనే కొలుస్తాను. నేను ఎదురుగా ఉన్నప్పుడే తినాలి. నెయ్యి వద్దు. వారం వారం కొంచెం తగ్గిస్తాను, తగ్గించినప్పుడల్లా చెప్పే తగ్గిస్తాను. అమ్మ ఒకే షరతు పెట్టింది. "కంచం కాడ ఉపన్యాసం సెప్పకు."

హెడ్‌మిస్ట్రెస్‌ను బతిమాలి పీరియడ్లు మార్పించుకున్నాను. మధ్యాహ్నం స్కూటీ మీద ఇంటికి వచ్చి, తిని, వెళ్లేదాన్ని. నాన్న పీట వాల్చుకుని కూర్చుంటే అమ్మ ఒప్పుకోదేమో అనుకున్నాను. ఆమే వాల్చింది. నేను గబగబా తినడం చూసి, "బండి తప్పిపోతాదేటే?" అనేది. చెంచాతో నేను కొలుస్తుంటే, "ఇది పొడి కాదే, పరీచ్చ పేపరు" అనేది. అయినా తింది. తినగానే చెయ్యి పట్టుకుని మంచం దాకా నడిపించేదాన్ని. రెండు నిమిషాల్లో నిద్రపోయేది. ఒక్కోసారి నిద్రలో నవ్వేది. మాసీమా వచ్చి కాపలా కూర్చున్నాక కూడా, బడికి ఆలస్యమవుతున్నా, కాసేపు నిలబడి చూసేదాన్ని. ఆ నవ్వు మత్తుదా అమ్మదా అని తేల్చుకోవాలని ఉండేది. తేలేది కాదు.

అంతా నేను వేసిన లెక్క ప్రకారమే జరగలేదు. నాన్న పుట్టినరోజు వచ్చిన వారం తగ్గించవలసింది పోయి పెంచాను. ఆ ఆదివారం నాకూ అరచెంచా వేసుకున్నాను, తెలిసే వేసుకున్నాను. ఇద్దరం కలిసి ఏడ్చాం. దాన్ని ఏ వ్యాసంలోనూ సమర్థించబోను. దాచనూ దాచను.

చలి ముదిరాక ఓ మధ్యాహ్నం నేను చెంచా తియ్యబోతే అమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇయ్యాల ఒద్దు."

"తినవా?" అన్నాను.

"అన్నం తింతాను. అదొద్దు. అది తింటే మీ నాయిన మాట మొదలెట్టి మజ్జిలో మరిసిపోతన్నాను. నీకో మాట సెప్పాలని నాలుగు దినాలై అనుకుంటన్నాను, సెప్పేలోగా నిద్దరొచ్చేస్తంది."

పులుసు పోసుకుని కలిపింది. మొదటి ముద్ద మింగింది. నేను కళ్లు తిప్పుకోకుండా చూస్తున్నాను.

"మీ నాయిన తాగీవోరే" అంది.

"ఏమిటి?"

"సిద్ధి. ఏడాదికోపాలి. దశమి సాయంత్రం, మాసీమా వోళ్లాయనతోటి, వోళ్లింటి వెనక వసారాలో. ఒక్క గలాసు."

నాన్న! దశమి నాడు పందిళ్లు తిరిగి తిరిగి అలసిపోయానంటూ ఎనిమిదింటికే పడుకునే నాన్న!

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"నీకా! 'అమ్మికి తెలిత్తే వ్యాసం రాసేత్తాది, నా పేరెట్టి మరీ రాసేత్తాది' అని నోరు మూసీవోరు నాకు. నువ్వా సిద్ధి మీద రాసినావు సూడు, అది పేపర్లో పడిన సంవచ్చరం గలాసు ముందెట్టుకుని మరీ సదివినారంట. 'బాగా రాసింది, నా కూతురు' అని తాగేసినారంట!"

నవ్వు ముందు ఎవరికి వచ్చిందో తెలియదు. అమ్మ నోట్లో ముద్ద ఉండగానే నవ్వింది. పొలమారింది. దగ్గుతో ఊపిరాడక కళ్లు ఎర్రబడ్డాయి. నేను ఒక్క ఉదుటున లేచి ఆమె నడినెత్తి మీద అరచేత్తో తట్టాను.

దగ్గు తగ్గింది. కళ్లు తుడుచుకుని, నా చెయ్యి ఇంకా తల మీద ఉండగానే, అమ్మ నెమ్మదిగా అంది. "ఎవులో తలుసుకుంటన్నారే."

అంటూ నా మొహంలోకి చూసింది. నేనేమంటానో ఆమెకు తెలుసు. గొంతులో రెండు గొట్టాలుంటాయని, ముద్ద దారి తప్పితే దగ్గొస్తుందని, తలపులు గొంతుకు తగలవని ఆమెకు కనీసం వందసార్లు చెప్పి ఉంటాను.

"సెప్పు, సెప్పు" అంది.

"మంచినీళ్లు తాగమ్మా" అన్నాను.

తాగింది. గ్లాసు కింద పెట్టి, అన్నం గిన్నె దగ్గరకు లాక్కుంది.